‘వేల సైటేషన్లున్న శాస్త్రవేత్త’... అయితే నమ్మేయాలా?

మీ నాన్నగారికి డెబ్బై దాటాయనుకోండి. ఈమధ్య అడిగిందే మళ్లీ అడుగుతున్నారు. మొన్న బ్యాంకుకు వెళ్లి, ఎందుకొచ్చారో గుర్తురాక తిరిగొచ్చేశారు. ఇంటిల్లిపాదికీ దిగులు. ఆ రాత్రే అమెరికాలో ఉన్న మీ తమ్ముడు కుటుంబ వాట్సప్ గ్రూపులో ఒక లింకు పెట్టాడు. జ్ఞాపకశక్తిని తిరిగి తెచ్చే క్యాప్సూల్ అట. ‘దీని వెనక ఉన్నది 500 పరిశోధన పత్రాలు రాసిన న్యూరోసైంటిస్టు. ఆయన పనికి 40 వేల సైటేషన్లున్నాయి’ అని అందులో రాసి ఉంది. నెలకు ఆరు వేలు ఖర్చు. కొనాలా, వద్దా?

ఇలాంటప్పుడు చాలామందిమి ఆ సంఖ్య దగ్గరే ఆగిపోతాం. ‘అంతమంది శాస్త్రవేత్తలు ఆయన పేరు చెబుతున్నారంటే ఊరికే చెబుతారా?’ అనిపిస్తుంది. ఆ సంఖ్య అబద్ధం కాకపోవచ్చు. కానీ అది చెప్పేది ఒకటి, మనం అర్థం చేసుకునేది మరొకటి. మెదడు పరిశోధన రంగంలో గత కొన్నేళ్లలో బయటపడ్డ విషయాలు చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి ఈ లెక్కల గొడవ శాస్త్రవేత్తలకే పరిమితం కాదు, మన గుమ్మం దాకా వచ్చింది.

అసలు సైటేషన్ అంటే?

శాస్త్రవేత్తలు కొత్త పరిశోధన పత్రం రాసేటప్పుడు, అంతకుముందు అదే విషయంపై వచ్చిన పత్రాలను పేర్కొంటారు. అలా పేర్కొన్న ప్రతిసారీ పాత పత్రం ఖాతాలో ఒక సైటేషన్ జమవుతుంది. అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఈ ప్రస్తావనలను ఒకచోట చేర్చే ఆలోచన చేశారు. 1964లో దాన్ని సూచికగా తెచ్చారు. ఒక ఆలోచన ఎవరి నుంచి ఎవరికి చేరిందో వెతుక్కోవటానికి అది పనికొచ్చేది. రానురానూ ఆ వెతుకులాట సాధనమే శాస్త్రవేత్తలకు మార్కుల పట్టికగా మారింది.

2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్ అనే కొలతను ప్రతిపాదించారు. ఒకరు రాసిన వాటిలో కనీసం 40 పత్రాలకు, ఒక్కొక్కదానికి కనీసం 40 సైటేషన్ల చొప్పున ఉంటే ఆ వ్యక్తి హెచ్-ఇండెక్స్ 40. క్రికెట్ భాషలో చెప్పాలంటే, ఒకే మ్యాచ్‌లో ట్రిపుల్ సెంచరీ కొట్టి తర్వాత చేతులెత్తేసిన ఆటగాడి కన్నా, ఏళ్ల తరబడి నిలకడగా పరుగులు తీసినవాడిని పైన నిలబెట్టే లెక్క ఇది.

లెక్క బాగానే ఉంది. కానీ అది చూడలేనివి చాలా ఉన్నాయి. ఒక పత్రాన్ని మెచ్చుకుంటూ పేర్కొన్నా, ‘ఇది తప్పు’ అని చెప్పటానికి పేర్కొన్నా, చదవకుండా పక్కవాళ్ల జాబితాలోంచి దించేసినా పడేది ఒక సైటేషనే. టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్‌లో వచ్చిన పత్రం గుర్తుందా? 12 మంది పిల్లల మీద రాసిన ఆ పత్రాన్ని 2010లో వెనక్కి తీసుకున్నారు. దాన్ని ఇప్పటికీ పేర్కొంటూనే ఉంటారు, తప్పుడు పరిశోధనకు ఉదాహరణగా! సంఖ్య మాత్రమే చూసేవారికి అదీ గొప్ప పత్రంలాగే కనిపిస్తుంది.

పనిముట్టుకు వచ్చే పేరు వేరు

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన కార్ల్ ఫ్రిస్టన్ ప్రపంచంలో అత్యధిక సైటేషన్లున్న న్యూరోసైంటిస్టుల్లో ఒకరు. 2016లో సెమాంటిక్ స్కాలర్ అనే సెర్చ్ వ్యవస్థ ఆయన్ను అత్యంత ప్రభావశీలుడైన న్యూరోసైంటిస్టుగా లెక్కగట్టింది. ఇంతకీ ఆయన ఏ జబ్బుకైనా మందు కనిపెట్టారా? లేదు. మెదడు స్కానుల్లో ఏ భాగం చురుగ్గా ఉందో గణాంకాలతో తేల్చే ఒక పద్ధతిని, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను తయారుచేశారు. స్కానులతో పరిశోధన చేసేవారిలో ఎందరో దాన్ని వాడతారు. వాడిన ప్రతి ఒక్కరూ ఆయన పత్రాన్ని పేర్కొంటారు.

ఇది చిన్న విషయం కాదు. ఊళ్లో అందరి ఇళ్లూ కట్టటానికి పనికొచ్చిన తాపీ ఎవరు చేశారో చెప్పుకోవటం న్యాయమే. కానీ ఆ తాపీతో కట్టిన ప్రతి ఇల్లూ గట్టిదని దాని అర్థం కాదు. ‘40 వేల సైటేషన్లు’ అని ఎవరైనా చెప్పినప్పుడు అవి దేనికి వచ్చాయన్నది ముందు తేలాలి. పద్ధతికి వచ్చాయా? ఇతరుల పనులను క్రోడీకరించిన సమీక్షా వ్యాసానికి వచ్చాయా? లేక మీ చేతిలో పెడుతున్న ఆ క్యాప్సూల్ మీద చేసిన పరీక్షకు వచ్చాయా? చాలా ప్రకటనల్లో మూడోది ఉండదు.

2,500 సైటేషన్లు... చివరికి ఉపసంహరణ

2006 మార్చిలో నేచర్ పత్రికలో అల్జీమర్స్ మీద ఒక పత్రం వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు రాశారు. మొదటి రచయిత సిల్వాన్ లెస్నే, బృందానికి పెద్ద కరెన్ ఆష్. అమిలాయిడ్ బీటా ప్రొటీన్‌లో ఒక ప్రత్యేక రూపాన్ని వేరుచేసి, ఆరోగ్యంగా ఉన్న పడుచు ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటి జ్ఞాపకశక్తి తగ్గిందని చెప్పారు. మతిమరుపుకు కారణమైన దొంగ దొరికాడన్నంత సంబరం జరిగింది. ఆ పత్రానికి దాదాపు 2,500 సైటేషన్లు వచ్చాయి.

వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో న్యూరాలజిస్టు మాథ్యూ ష్రాగ్ అందులోని చిత్రాలను పరిశీలించి అనుమానాలు లేవనెత్తారు. ప్రొటీన్లను పట్టీల రూపంలో చూపించే ఆ చిత్రాల్లో మార్పులు చేసిన ఆనవాళ్లున్నాయన్నారు. 2022 జులైలో సైన్స్ పత్రిక ఈ విషయాన్ని వివరంగా బయటపెట్టింది. చిత్రాల్లో మార్పులు జరిగాయని ఆష్ కూడా ఒప్పుకున్నారు. చివరికి 2024 జూన్‌లో నేచర్ ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. లెస్నే తప్ప మిగతా రచయితలందరూ అందుకు అంగీకరించారు. అచ్చయిన నాటి నుంచి ఉపసంహరణ దాకా 18 ఏళ్లు పట్టింది!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘అయితే అల్జీమర్స్ పరిశోధనంతా బూటకమేనా?’ అనేయకండి. ఈ జబ్బులో అమిలాయిడ్ పాత్ర గురించిన ఆలోచన ఆ ఒక్క పత్రం మీద నిలబడింది కాదు. దానికి వేరే ఆధారాలు అంతకుముందూ ఉన్నాయి, ఆ తర్వాతా వచ్చాయి. మనం గమనించాల్సింది వేరొకటి. 2,500 సార్లు పేర్కొన్నంత మాత్రాన 2,500 మంది దాన్ని సరిచూసినట్టు కాదు. అందరూ ఒకే మాట అంటున్నారంటే అందరూ విడివిడిగా తెలుసుకుని అంటున్నారనుకుంటాం. ఒకరు అన్నదాన్నే మిగతావారు అంటూ ఉండొచ్చు.

రెండో ఉదంతం ఇంకా పెద్దది. ఎలీజర్ మస్లియా అల్జీమర్స్, పార్కిన్సన్స్ రంగంలో పేరుమోసిన శాస్త్రవేత్త. దాదాపు 800 పత్రాలు రాశారు. ఆ రంగంలో ఎక్కువ సైటేషన్లున్నవారిలో ఒకరు. 2016లో అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ ఆయన్ను న్యూరోసైన్స్ విభాగానికి అధిపతిని చేసింది. పరిశోధనలకు వందల కోట్ల డాలర్లు పంచే కుర్చీ అది. 2024 సెప్టెంబరులో సైన్స్ పత్రిక మరో కథనం వెలువరించింది. కొందరు నిపుణులు కలిసి పరిశీలించగా, ఆయన పేరున్న 132 పత్రాల్లో అనుమానం కలిగించే చిత్రాలు కనిపించాయన్నది దాని సారాంశం. ఒకే చిత్రాన్ని వేర్వేరు ప్రయోగాల ఫలితంగా చూపించారన్నది ముఖ్యమైన అభ్యంతరం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తన విచారణలో రెండు పత్రాల విషయంలో పరిశోధనా దుష్ప్రవర్తన జరిగిందని తేల్చింది. ఆయన ఆ పదవిలో లేరని ప్రకటించింది.

132 పత్రాలూ తప్పని ఎవరూ రుజువు చేయలేదు. అనుమానానికీ నిర్ధారణకూ తేడా ఉంది. కానీ ఇంత పెద్ద సంఖ్య ఉన్న వ్యక్తి పని కూడా ఏళ్ల తరబడి అందరి కళ్లముందే ఉండి, గట్టి పరిశీలన లేకుండా సాగిపోగలదన్నది ఇందులోంచి తేలిన నిజం. పైగా పేరు పెరిగేకొద్దీ ప్రశ్నించేవారు తగ్గుతారు. ఈ మాట మన ఊరి పెద్దమనుషుల విషయంలో మీకు తెలిసిందే!

మన హైదరాబాద్ పరిశోధన కథ

అయితే సైటేషన్లకు విలువే లేదా? తప్పకుండా ఉంది. అందుకు మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది.

రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా ఆలస్యంగా వస్తుందని కెనడాలోని టొరంటో పరిశోధకులు 2007లో చెప్పారు. సుమారు నాలుగేళ్ల తేడా కనిపించిందన్నారు. కానీ అక్కడ రెండు భాషలు వచ్చినవారిలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవారు. మేలు భాష వల్ల జరిగిందా, వలస వచ్చినవారి జీవన విధానం వల్లా అన్నది తేలలేదు.

ఆ చిక్కుముడి విప్పటానికి హైదరాబాద్ సరిగ్గా సరిపోయింది. ఇక్కడ పుట్టి పెరిగినవారే ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ లేదా హిందీ, ఆఫీసులో ఇంగ్లిషు మాట్లాడేస్తారు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి నేతృత్వంలోని బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించారు. బడి ముఖం చూడనివారిలోనూ ఆ తేడా కనిపించింది. కాబట్టి అది చదువు వల్ల వచ్చిన మేలు మాత్రమే అనటానికి వీల్లేకపోయింది. 2016లో ఇదే నగరంలో 608 మంది పక్షవాత రోగులపై చేసిన అధ్యయనం మరో విషయం చెప్పింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు బహుభాషీయుల్లో 40 శాతం, ఒకే భాష వచ్చినవారిలో 20 శాతం.

ఈ పరిశోధనను ప్రపంచమంతా పేర్కొంది. అంతకుముందు ఎవరూ చెప్పలేని జవాబు ఇందులో ఉంది కాబట్టే. అయితే ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను కొన్నేళ్లపాటు గమనిస్తూ వెళ్లిన వేరే అధ్యయనాల్లో కొన్ని ఈ మేలును చూడలేదు. వాళ్లూ హైదరాబాద్ పత్రాన్ని పేర్కొన్నారు, ప్రశ్నించటానికి. సైన్స్ ఆరోగ్యంగా ఉందనటానికి ఇదే గుర్తు. ఒకరు చెప్పారు, ఇంకొకరు వేరేచోట సరిచూశారు, మరొకరు విభేదించారు. ఆ వాదనలోంచే నిజం నిగ్గుతేలుతుంది.

చిన్న సంఖ్యను చూసి తీసిపారేయటమూ పొరపాటే. కోవిడ్ టీకాలకు దారి చూపిన కాటలిన్ కరికో ఒకప్పుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో న్యూరోసర్జరీ విభాగంలోనే పనిచేశారు. గ్రాంట్లు రాక హోదా తగ్గింది. డ్రూ వైస్‌మన్‌తో కలిసి 2005లో ఆమె ప్రచురించిన పత్రాన్ని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ పనికే 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

‘టాప్ 2 శాతం’ వార్తను ఎలా చదవాలి?

ఏటా ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్లు’ అన్న వార్తలు జిల్లా పేజీల్లో చూస్తుంటారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ అనే డేటాబేస్ లెక్కలతో దీన్ని తయారుచేస్తుంది. ఇది విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు కాదు. ఎవరి పని నిజమో ఎవరూ తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెటూ కాదు. సైటేషన్లను రకరకాలుగా కలిపి కట్టిన లెక్క. తమ పత్రాలను తామే పేర్కొని సంఖ్య పెంచుకునేవారు ఉంటారు కాబట్టి, అవి తీసేస్తే ఎంత మిగులుతుందో కూడా ఇందులో చూపిస్తారు. వెనక్కి తీసుకున్న పత్రాల వివరాలనూ ఈమధ్య చేర్చారు. ఆ జాబితాలో ఉన్నవారిలోనే వందకు ముగ్గురు నలుగురికి కనీసం ఒక ఉపసంహరణ ఉందని తేలింది.

జాబితాలో ఉన్న మన ప్రొఫెసర్‌ను అభినందించండి. అందులో ఎన్నో ఏళ్ల శ్రమ ఉంటుంది. కానీ వైద్య నిర్ణయాన్ని ఆ జాబితా చూసి తీసుకోకండి. మీ ఊళ్లో రోగిని గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడే న్యూరాలజిస్టుకు ఒక్క అంతర్జాతీయ పత్రం లేకపోవచ్చు. అయినా మీ నాన్నగారికి ఆయనే సరైన డాక్టరు కావచ్చు.

లింకు వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

1. పరీక్ష ఎవరి మీద చేశారు? ఎలుకల మీద ఫలితం మనుషుల మీద ఫలితం కాదు. ఎలుకల్లో పనిచేసినట్టు కనిపించి మనుషుల్లో విఫలమైన అల్జీమర్స్ మందులు ఎన్నో ఉన్నాయి.

2. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్తుత్తి మందు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పోల్చారా? అలా చేయకపోతే మెరుగుదల మందు వల్లా, ఆశ వల్లా అన్నది చెప్పలేం.

3. ఎంత మేలు జరిగింది? ‘తగ్గించింది’ అన్న మాట చాలదు. లెకనెమాబ్ అనే అల్జీమర్స్ ఇంజెక్షన్‌ను 1,795 మందిపై 18 నెలలు పరీక్షించారు. క్షీణత వేగం 27 శాతం తగ్గిందన్నారు. వినటానికి బాగుంది. అదే ఫలితాన్ని 18 పాయింట్ల కొలబద్ద మీద చూస్తే తేడా అర పాయింటు కన్నా తక్కువ. పైగా వందలో 12 మందికి పైగా మెదడులో వాపు కనిపించింది. మేలు ఉన్నమాట నిజమే. అది ఎంతో తెలిస్తేనే దానికి పెట్టే ఖర్చు, పడే ఇబ్బంది తగినవో కావో ఆలోచించగలం.

4. సంబంధం లేని మరో బృందం అదే ఫలితం సాధించిందా? ఒకే ల్యాబ్ నుంచి పది పత్రాలు రావటం కన్నా, రెండు వేర్వేరు ల్యాబ్‌ల నుంచి రెండు పత్రాలు రావటం మేలు.

5. ఖర్చు ఎవరు పెట్టారు? మందు అమ్మేవారే పెడితే ఫలితం తప్పని కాదు. మరింత జాగ్రత్తగా చదవాలని మాత్రమే.

6. పత్రం ఇప్పటికీ నిలబడి ఉందా? పత్రం పేరు పక్కన ‘రిట్రాక్షన్ వాచ్’ అన్న మాట చేర్చి గూగుల్‌లో వెతకండి. ఇంటర్ చదివే మీ అమ్మాయి కూడా రెండు నిమిషాల్లో చూసి చెప్పగలదు.

ఇక తమ్ముడికి ఏమని చెబుతారు?

అతన్ని తప్పుపట్టకండి. దూరాన ఉన్నవారికి నాన్నకు ఏదో ఒకటి చేయాలన్న తపన ఎక్కువ ఉంటుంది. ఆ ఆరాటాన్నే ఇలాంటి ప్రకటనలు సొమ్ము చేసుకుంటాయి. పైన చెప్పిన ఆరు ప్రశ్నలు అతనికే పంపి, జవాబులు వెతకమనండి.

ఈలోగా ఇక్కడ మీరు చేయగలిగింది చాలా ఉంది. మతిమరుపులన్నీ అల్జీమర్స్ కావు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు, కొన్నిరకాల నిద్రమాత్రలు కూడా అలాంటి లక్షణాలే చూపిస్తాయి. వీటిలో చాలావాటిని సరిచేయొచ్చు. కాబట్టి ముందు డాక్టరుకు చూపించి రక్తపరీక్షలు చేయించండి. ఆయన వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. వినికిడి పరీక్ష, కంటి పరీక్ష చేయించండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపులో ఉన్నాయేమో చూడండి. ఇలాంటి 14 అంశాలను సరిదిద్దగలిగితే ప్రపంచంలో 45 శాతం వరకు డిమెన్షియా కేసులను నివారించటమో వాయిదా వేయటమో సాధ్యమని లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది. ఆ మాట కూడా ఊరికే నమ్మక్కర్లేదు. అది ఎన్నో దేశాల్లో, ఎన్నో బృందాలు విడివిడిగా చేసిన అధ్యయనాలను ఒకచోట పేర్చి చెప్పిన మాట. అందుకే దానికి బరువుంది.

క్యాప్సూల్‌కు పెట్టాలనుకున్న నెల ఖర్చులో కొంత ఈ పరీక్షలకు పెట్టండి. వినికిడి తగ్గిందని తేలితే, మిగిలింది చెవి మిషన్ కోసం దాచండి. సాయంత్రం పూట నాన్నను పార్కుకు తీసుకెళ్లి, ఆయన పాత స్నేహితులతో కూర్చోబెట్టండి.